కళ్ళ ఊటకు నడిచిన నాలుగు పొద్దులు

కారు లేని మనిషి ఆసుపత్రి ఎటు అని అడిగితే మీరు దారి చెబుతారా, కారు తలుపు తీస్తారా? తొందరపడి జవాబివ్వకండి. నేను దారి లేదని చెప్పాను.

మొన్న శనివారం, అమెరికాలో నేనుండే నోవై ఊళ్ళో, మా అపార్ట్‌మెంట్ల ముందు, ఉత్తరాల పెట్టెల దగ్గర జరిగిందిది. ఎదుటి బ్లాకులోకి వేసవిలో వచ్చిన అమ్మాయి చంకలో పిల్లాడితో నిలబడి, "ఆంటీ, అర్జెంట్ కేర్‌కి నడిచి వెళ్ళొచ్చా?" అంది.

"అటు సైడ్‌వాకే లేదమ్మా. మీ ఆయన వచ్చాక డ్రైవ్ చేస్తార్లే."

"ఆయన క్లయింట్ దగ్గరికెళ్ళారు ఆంటీ, థర్స్‌డే గానీ రారు. పర్లేదులెండి, బాబు చెవిలో వెల్లుల్లి నూనె వేస్తున్నా."

నేను సరే, నాకు మీటింగ్ ఉందని చెప్పి కారెక్కాను. తెలుగువాళ్ళ సభ ఒకదానిలో మూఢనమ్మకాల మీద నా ఉపన్యాసం ఉంది మరి! మొదటి సిగ్నల్ దగ్గర ఆగి, అద్దం దించాను. వానకు నానిన ఆకుల వాసన, రాతి మీద పట్టిన నాచు వాసనలాంటిది, లోపలికి వచ్చి నన్ను తొమ్మిదేళ్ళ పిల్లను చేసి కూర్చోబెట్టింది.

మా నాన్న మోటారు విడిభాగాల ఇంజినీరు. కంపెనీవాళ్ళు ఆయన్ని మూడేళ్ళపాటు ఫ్రాన్సు పంపితే, ఫ్యాక్టరీకి దగ్గరలో అద్దె తక్కువని, నాలుగు వందల గడపైనా లేని ఒక పల్లెలో ఇల్లు తీసుకున్నారు. ఊరి పైన గుట్ట మీద కోట. కోటంటే మిగిలింది ఒక్క బురుజూ, దాని నిండా కాకులూ. గుట్ట కింద ఏటి మీద రాతి వంతెన; రోమనులు కట్టారని ఊరంతా గర్వపడేది, కాదు, ఆ తర్వాత వెయ్యేళ్ళకు కట్టిందని మా టీచరు ఒక్కతే అనేది, ఆమె మాట ఎవరికీ నచ్చేది కాదు. వంతెన పక్కన పలకరాళ్ళ కప్పు వేసిన పాత చాకిరేవు, నడుమ ఓక్ దూలాల సంత పాక, చెట్ల నీడలో ఇనప గుండ్లు దొర్లిస్తూ గొడవపడే ముసలాళ్ళు, వేసవిలో ఏట్లో తేలే రంగురంగుల చిన్న పడవలు, చెట్ల బోదెల మీద గీసిన పసుపు గీతల్ని చూసుకుంటూ చేతికర్రలతో అడవి దారిన పోయే బాటసారులు, శరత్కాలం రాగానే ముళ్ళ బంతుల్లాంటి కాయలు పగిలి నేలంతా పరుచుకునే చెస్ట్‌నట్ గింజలు, వాటిని చిల్లుల పెనం మీద కాలిస్తే సందు చివరిదాకా వచ్చే చిలగడదుంప లాంటి కమ్మటి వాసన. ఇదంతా నాది. ఇదంతా నేను ఒక్కదాన్నే తిరిగాను, లేకపోతే పక్కింటి ఒడెట్ మామ్మ వెనకాల తిరిగాను. మామ్మ అని నేను పెట్టుకున్న వరసే; డెబ్బై ఏళ్ళ మనిషి, పొగాకు కంపు, మగాళ్ళ బూట్లు, కూరగాయలు మోసే డొక్కు వ్యాను.

అమ్మ మాత్రం వంటింటి కిటికీ అద్దం అవతలే ఉండేది. కాకినాడలో హైస్కూల్లో సైన్సు టీచరుగా చేసి, బోర్డు మీద కన్ను బొమ్మ గీసి భాగాలన్నీ గుర్తించిన మనిషి. మా చర్చిలో జ్వరానికి తాయెత్తు కట్టించుకున్న వాళ్ళని నిలబెట్టి కడిగేసిన మనిషి. అలాంటామె ఆ ఊళ్ళో ధనియాలు వేయించాలంటే కిటికీలు మూసుకునేది. భాష లేదు, కారు నాన్న పట్టుకెళ్ళేవారు, బస్సు వారానికి రెండుసార్లు. రా అమ్మా కోట చూద్దాం అంటే, "ఎవరైనా పలకరిస్తే ఏం చెప్తావే? నువ్వెళ్ళు," అనేది. రెండేళ్ళు అలాగే అంది.

మూడో ఏడు శరత్కాలం సెలవుల్లో, చెట్టు కింద తల పైకెత్తి నోరు తెరుచుకుని నిలబడ్డ నా మీద ఒక చెస్ట్‌నట్ కాయ రాలింది. దాని ముళ్ళు కుడికంట్లో గుచ్చుకున్నాయి. నాన్న ఫ్యాక్టరీ పని మీద జర్మనీలో ఉన్నారు. అమ్మ కన్ను కడిగి, పక్క టౌన్లో డాక్టరు నంబరు తిప్పింది. అవతల "అలో" అనగానే పెట్టేసింది. మళ్ళీ తిప్పింది, పెట్టేసింది. మూడోసారి రిసీవరు మీద చెయ్యి వేస్తే, నేను మాట్లాడతానన్నాను; వద్దని తల అడ్డంగా ఊపింది.

"మీ నాన్నతో అనకే. పిల్లనైనా చూసుకోలేవా అంటారు."

మర్నాడు పొద్దున్న అమ్మ కోటు వేసుకుంది. అడవిలో రెండు కిలోమీటర్ల దూరంలో పాడుబడ్డ చిన్న క్రైస్తవ గుడి, దాని గోడ అడుగున ఊట. కళ్ళ జబ్బులు పోతాయని ఆ ప్రాంతమంతా నమ్మే నీళ్ళు. గోడ నిండా "కృతజ్ఞతలు" అని చెక్కిన పాలరాతి పలకలు. నయంకాని వాళ్ళు పలకలు చెక్కించరన్న సంగతి సైన్సు టీచరుకి తెలియదా? తెలుసు. తెలిసీ దోసిలి పట్టి నా కన్ను కడిగింది, తెలుగులో ప్రార్థన చేసింది. ఆ ఊళ్ళో ఆమెను ఫ్రెంచిలో మాట్లాడమని అడగనిది ఆ ఊట ఒక్కటే.

నాలుగు పొద్దులు నడిచాం. తడిసిన ఆకుల మీద మా బూట్ల చప్పుడు, అమ్మ చేతిలో నా చెయ్యి. ఉప్పాడ సముద్రంలో పడవ మీద తూలి మేనమామ పంచె ఊడిన కథ చెప్పి అమ్మ పగలబడి నవ్వింది. పసుపు గీతలు వెతకడం నేను నేర్పితే, నాకంటే ముందు తనే కనిపెట్టి "అదుగో!" అని అరిచింది. కన్ను ఎర్రబడి, చీము పట్టి, రుమాలు కట్టాల్సొచ్చింది. మూడో రోజు ఒడెట్ మామ్మ గోడ మీంచి "కంటికి ఆ గుడ్డేమిటే?" అంది.

నాకు ఫ్రెంచి ధారాళంగా వచ్చు. నొప్పి అని ఒక్కమాట చాలు.

"సముద్రపు దొంగల ఆట," అన్నాను.

అబద్ధం అమ్మ చెప్పమంటే చెప్పలేదు. చెబితే ఈ నడక ఆగిపోతుందని చెప్పాను.

నాలుగో పొద్దున గుడి దగ్గరికి పూలకుండీతో వచ్చిన మామ్మ మమ్మల్ని చూసింది. రుమాలు విప్పింది. కుండీ కింద పెట్టేసింది.

"కన్నా ఇది, కుండా? కడిగితే పోడానికి! నేనూ మోకాళ్ళకి ఈ నీళ్ళే రాస్తాను, మాత్ర వేసుకున్నాక!" అని తిట్టి, అమ్మ వైపు తిరిగి, "పక్కింట్లో నేను చచ్చాననుకున్నావా, చెప్పవే దీనికి!" అంది నాతో. నేను తెలుగులో చెప్పాను. అమ్మ ఆమె భుజం మీద తలపెట్టి ఏడ్చింది. క్యాబేజీ వాసన వేసే వ్యానులో ఆసుపత్రికి వెళ్ళాం. మొదటిరోజే తేవాల్సింది అన్నాడు డాక్టరు. ఆ కంటికి ఇవాళ వెలుతురూ నీడా తప్ప మరేమీ తెలియవు.

ఇరవై ఏళ్ళుగా ఈ కథను నేను వేదికలెక్కి చెబుతున్నాను. నీళ్ళ మహిమను నమ్మి పిల్ల కన్ను పోగొట్టారని గర్జిస్తాను, చప్పట్లు మోగుతాయి. దొంగల ఆట అన్న అబద్ధం సంగతి మాత్రం ఎన్నడూ చెప్పలేదు. నా కన్ను పోగొట్టింది ఊట కాదు. చదువులేనితనం అసలే కాదు. రెండేళ్ళు ఒక మనిషి అద్దం అవతల నిలబడితే ఊరు ఊరంతా అది ఆమె స్వభావమనుకుంది. ఆమె బయటికొచ్చిన నాలుగు పొద్దుల కోసం ఒక పిల్ల కన్ను అప్పగించింది. ఒంటరివాళ్ళ దగ్గరికి మనం వెళ్ళకపోతే మహిమలు వెళతాయి. ఈ వాక్యం నా ఉపన్యాసాల్లో లేదు, ఉండాల్సింది.

రెండేళ్ళ కిందట ఆ ఊరు వెళ్ళాను. ఒడెట్ మామ్మ లేదు. ఆమె ఇల్లు సెలవుల అద్దెకిస్తున్నారు. చాకిరేవులో పూలకుండీలు. ఊటకు గొట్టం బిగించి, ఈ నీరు తాగరాదని బోర్డు పెట్టారు. హేతువాదం గెలిచింది. గింజలు మాత్రం చెట్టు కింద ఏరేవాళ్ళు లేక కుళ్ళుతున్నాయి, ఆ అడవిలో అమ్మ నవ్వు విన్న మనిషిని నేనొక్కదాన్నే.

సిగ్నల్ పచ్చబడింది. వెనక కారు హారన్ కొట్టింది. నేను యూ టర్న్ తీసుకున్నాను. ఆ అమ్మాయి ఇంకా ఉత్తరాల పెట్టెల దగ్గరే ఉంది.

"ఎక్కమ్మా."

"మీకు మీటింగ్ ఉందన్నారు కదా ఆంటీ?"

"ఉంది. అది ఆగుతుంది. నీ పేరేంటి?"

మౌనిక. నాలుగు నెలలుగా ఎదుటి బ్లాకులో ఉన్న మౌనిక. పిల్లాడి చెవిలో చీముంది. సమయానికే తెచ్చారంది డాక్టరు.

మీ ఎదుటి బ్లాకులో ఎవరున్నారు? సెటిల్ అయ్యారా అని అడిగి వెళ్ళిపోకండి. ఈ వ్యాసం ఇక్కడ పెట్టి, చెప్పులేసుకుని, వెళ్ళి ఆ తలుపు తట్టండి. ఎక్కడికెళ్ళాలమ్మా అని అడగండి. కారు తాళం చేతిలో పెట్టుకుని అడగండి.