గోళ్ల మధ్య సందు

మా మేనత్త పోయిందని గురువారం పొద్దున అక్కుపల్లి నుంచి ఫోను వచ్చింది. సరే అన్నాను. ఫోను పెట్టేసి, సగంలో ఆపిన గడ్డం గీసుకోవడం పూర్తిచేశాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఈ రోజుకీ రాలేదు.

పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పని ఆమెది. అమ్మ లేని నన్ను ఆ చేతులతోనే పెంచింది. విరగని గుండు పప్పు ఒకటి కొంగున ముడేసి తెచ్చి నా నోట్లో పెట్టేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చేది. చర్చికెళ్లే మనిషివి, ఇదేమిటత్తా అంటే, “నిప్పు నోట్లో ఉన్నాది గదరా, దేవుడికేటి కనపడతాది?” అనేది.

నిరుడు వానాకాలంలో ఆమె చీలమండలు వాచాయి. మోకాళ్లు, మణికట్లు ఒకటే నొప్పి. వేళ్ల కొసలు లావయ్యి, గోళ్లు జీడిపప్పులా వంగాయి. “జీడిసొన తిన్న సేతులు ఇలాగే ఉంటాయిలే” అంది.

మా ఉద్దానంలో కాళ్లు వాస్తే ఎవరికైనా ఒకటే భయం. టెక్కలి తీసుకెళ్లి కిడ్నీ పరీక్ష చేయించాను. అంతా బాగుందన్నారు. బస్సులో ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం. ఆదివారం ఆమె సంఘంలో లేచి సాక్ష్యం చెప్పింది. “మా ఈదిలో ఇంటికొకరికి పోయిన కిడ్నీలు నాకు ఉంచినాడు దేవుడు.” అందరూ స్తోత్రం అన్నారు. నేను అందరికంటే గట్టిగా అన్నాను. ఆ తరవాత నెలల తరబడి కీళ్లనొప్పుల బిళ్లలు కొనిచ్చాను. ఇంకొకరికి చూపించాలన్న ఆలోచనే రాలేదు.

దగ్గులో నెత్తురు పడ్డాక విశాఖ తీసుకెళ్లాను. డాక్టరు ముందు ఆమె చేతులు పట్టుకున్నాడు. రెండు ఉంగరపు వేళ్ల గోళ్లు ఎదురెదురుగా ఆనించమన్నాడు. గోళ్ల మొదట్లో చిన్న సందు కనబడాలట. ఆమెకు లేదు. ఊపిరితిత్తుల్లో గడ్డ ఉంటే ఒక్కోసారి ముందు వేళ్లూ ఎముకలూ చెబుతాయన్నాడు.

“మరి నా కిడ్నీలు బాగున్నాయి గదా బాబూ?” అని అడిగింది.

“బాగున్నాయమ్మా.”

“అదే సాలు” అంది.

ఆలస్యం నావల్లే జరిగింది. ఆ మాట ఎవరూ అనలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

ఆమె పెట్టెను చర్చిలో ఉంచి పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ చేతులు జోడించి కళ్లు మూసుకున్నారు. నేను జోడించిన చేతులు మెల్లగా తిప్పి, రెండు గోళ్లు ఆనించి, వెలుగుకు పట్టి చూశాను. నాకు సందు ఉంది, బియ్యపు గింజంత. అందులోంచి, ఆ ఆదివారం ఆమె లేచి నిలబడిన చోటు కనిపించింది.