తాత పుస్తకం, మనవడి పుస్తకం

మొన్న చలికాలం బట్టల పెట్టె తెరవగానే స్వెటర్ల మడతల్లోంచి కలరా ఉండల వాసన గుప్పుమంది. ఢిల్లీలో అందరికీ ఆ వాసనతో చలి గుర్తొస్తే, నాకు వసుంధర మేడమ్ గుర్తొస్తారు. బేర్ సరాయ్‌లో అగ్గిపెట్టెలాంటి గదిలో ఉంటూ పీహెచ్‌డీ చేసే రోజుల్లో నేను వెళ్లే లైబ్రరీలో ఆవిడ పనిచేసేవారు. కాకినాడ మనిషి. కంప్యూటర్లు వచ్చాక పాత కేటలాగు కార్డుల వంక చూసే నాథుడు లేకపోయినా, సొరుగుల్లో కలరా ఉండలు వేసి మరీ కాపాడేవారు. వాటిని చూసి నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి.

మా అనంతపురం వైపు బావుల మీద నా పరిశోధన. చదివిన ప్రతి పుస్తకం వివరాలూ ఒక సాఫ్ట్‌వేర్‌లో దాచుకునేవాణ్ణి. థీసిస్ చివర పెట్టాల్సిన పుస్తకాల జాబితాను అదే తయారుచేసి పెడుతుంది. నాలుగేళ్లు దొరికినచోటల్లా దించుకున్న వివరాలు కదా, చెత్త బాగానే పేరుకుంది. థీసిస్ ఇవ్వడానికి వారం ఉందనగా ఆ జాబితా శుభ్రం చేస్తూ కూర్చుంటే, మేడమ్ నా వెనక కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఇంకొకరి జాబితా చూడటమంటే ఆవిడకు పక్కింటి కబుర్లు విన్నంత సరదా. కాసేపటికి తెర మీద ఒకచోట వేలు పెట్టారు.

"ఎనభై పేజీల పుస్తకంలో నూట పన్నెండో పేజీ ఎక్కణ్ణుంచి తెచ్చావయ్యా?"

అది బావుల కింద సేద్యం గురించిన పుస్తకం. మొదటి ఏడాదే నా జాబితాలో దానికి రెండు రికార్డులు కనిపించాయి. అదే రచయిత, అదే పేరు, సంవత్సరాలు మాత్రం వేరు. రెండోది రచయితే మార్చి రాసిన పునర్ముద్రణ అనుకుని రెండింటినీ కలిపేశాను. మొదటిదాంట్లో రైతుకు బావి చాలన్న మనిషి, రెండోదాంట్లో బోరు లేనిదే బతుకు లేదన్నాడు. ఆయన మనసు ఎందుకు మార్చుకున్నాడో అర పేజీ విశ్లేషణ కూడా రాశాను. మా గైడ్ మెచ్చుకున్నది ఆ అర పేజీనే. పునర్ముద్రణలో పేజీలు పెరిగి ఉంటాయని మేడమ్‌కి చెప్పాను. పుస్తకం చేత్తో పట్టుకుని చూశావా అని అడిగారు. చూడలేదు. కావలసిన అధ్యాయాల స్కాన్లు మాత్రమే చదివాను.

ఆవిడ లేచి, కలరా ఉండలు పక్కకు నెట్టి సొరుగులోంచి రెండు కార్డులు తీశారు. వాటి మీది నంబర్లు పట్టుకుని అరలన్నీ వెతికి రెండు పుస్తకాలూ తెచ్చాం. రెండోదాని అంకితం పేజీలో ఒకటే వాక్యం ఉంది: తన పేరు, ఈ పుస్తకం పేరు రెండూ ఇచ్చిన తాతగారికి. రాసింది ఒక మనిషి కాదు, ఒకే పేరున్న తాతా మనవడూ.

"నీకెవరి పేరు పెట్టారు?" అన్నారు మేడమ్ నెమ్మదిగా.

"మా తాతది."

"మరి నీకు తట్టొద్దూ?"

సిగ్గుతో చచ్చిపోయాను. అంతకన్నా భయం ఎక్కువ వేసింది. గైడ్‌కి చెబితే మెచ్చుకున్న నోటితోనే చీవాట్లు పెడతారు, గడువు కూడా దాటిపోవచ్చు. ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదు కదా, ఉంచేస్తే ఏం పోతుందని అడిగేశాను. ఆవిడ కోప్పడలేదు.

"నీకేం పోదు. ఆ పెద్దాయన పోతాడు, ఆయన రాసిందంతా మనవడిదైపోతుంది."

మర్నాడు గైడ్‌కి చెప్పాను. చీవాట్లు తప్పలేదు, నెల రోజుల గడువు మాత్రం దొరికింది. కలిపిన రికార్డును విడదీశాను. అర పేజీ కొట్టేసి, తాత చూసిన నీరు మనవడి కాలానికి ఎంత లోతుకు పోయిందో రాసుకుంటూ వెళితే అదే ఒక అధ్యాయమైంది. చిరునామా వెతికి పట్టుకుని ఆ మనవడికీ ఉత్తరం రాశాను. తాతగారి పుస్తకం కాపీ ఒక్కటి కూడా తమ ఇంట్లో లేదని, అందరూ దాన్ని తనదే అనుకుని మెచ్చుకుంటుంటే కాదని చెప్పి చెప్పి విసిగిపోయానని ఆయన జవాబిచ్చారు. మేడమ్ దగ్గరుండి ఎనభై పేజీలూ జిరాక్స్ తీయించి పంపారు.

ఆవిడ రిటైరై కాకినాడ వెళ్లిపోయారు. రెండేళ్ల కిందట పోయారని తెలిసింది. నేనిప్పుడు నోయిడాలో ఒక పరిశోధన సంస్థలో ఇలాంటి జాబితాలే సరిచూస్తుంటాను. ఇవి రెండూ ఒకటేనా, కలిపెయ్యనా అని తెర రోజూ అడుగుతూనే ఉంటుంది. జవాబు చెప్పే ముందు నేను లేచి వెళ్లి పుస్తకం తెచ్చుకుంటాను.