ఆర్విడ్ బావ, ఈగ గాలం

మా బావ ఆర్విడ్ మోంటానా కొండల్లో ముప్పై ఏళ్లుగా ఎల్క్ దుప్పుల్ని వేటాడుతున్నాడు. ఈగ గాలంతో చేపలు పట్టే నాలాంటివాళ్లంటే ఆయనకు చిన్నచూపు. కొక్కేనికి నాలుగు వెంట్రుకలు చుట్టి, ఇదే ఈగ అని చేపను నమ్మించడం పనీపాటా లేనివాళ్ల పని అంటాడు.

ఈసారి ఆరు రోజులు తిరిగినా ఒక్క ఎల్క్ కనబడలేదు. ఏడోనాడు విసిగిపోయి, తుపాకీ ట్రక్కులో పడేసి, నేను చేపలు పడుతున్న ఏటి ఒడ్డుకు వచ్చి, "ఏదీ, నీ ఈగ ఇలా ఇవ్వు" అన్నాడు. నా గాలం కర్ర ఇచ్చాను.

మొదటి విసురుకి ఆయన నారింజరంగు టోపీయే గాలానికి పడింది. రెండోదానికి నాది.

"టోపీలు బాగానే పడుతున్నాయి బావా."

"నోరు మూసుకోరా."

మూడోసారి ఈగ నీళ్ల మీద మెత్తగా వాలింది. సరిగ్గా అప్పుడే అవతలి ఒడ్డుకు పెద్ద కొమ్ముల ఎల్క్ ఒకటి వచ్చి నీళ్లు తాగసాగింది. బావ ముప్పై ఏళ్ల అలవాటుకొద్దీ ఊపిరి బిగబట్టి రాయిలా నిలబడిపోయాడు. అంతలో ట్రౌట్ చేప ఈగను మింగింది. కర్ర విల్లులా వంగింది.

"బావా, లాగు. అది నా కర్ర."

"ష్. కదిలితే ఎల్క్ పారిపోతుంది."

చేప కర్రను చేతిలోంచి లాక్కుపోయింది. ఎల్క్ తాపీగా తాగి, మమ్మల్ని ఒకసారి చూసి, అడవిలోకి నడిచింది.

ఇంటికి రాగానే మా అక్క, "ఏమైనా దొరికిందా?" అని అడిగింది.

"ఎల్క్ వచ్చింది, చూసి పోయింది" అన్నాడు బావ. "చేప మాత్రం ఉత్తచేతులతో పోలేదు."