పొరలో రంగు నింపిన శనివారం

మా చెల్లెలి కూతురు లావణ్య హసన్‌పర్తి దగ్గర ఒక కాలేజీలో మందుల మీద పరిశోధన చేస్తోంది. "పెద్దమ్మా, శనివారం నా ప్రయోగం జూసెటందుకు రా" అని ఫోన్ చేసినప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. నేను బడి మెట్లెక్కినదాన్ని కాదు, అక్షరాలు మా నాయన ఇంట్లోనే నేర్పాడు. అలాంటి నాకు ల్యాబ్ చూసే భాగ్యం దేవుడి దయ కాక మరేమిటి?

తొర్రూరులో ఆరున్నరకు బస్సెక్కాను. ఆడవాళ్లకు జీరో టికెట్టే, పైసా కట్టక్కర్లేదు, ఆధార్ కార్డు మాత్రం మరవకండి. వర్ధన్నపేటలో పత్తి ఏరబోయే ఆడవాళ్లు ఎక్కారు. ఒకామె, "గింత పొద్దుగాల పట్టుచీరనా అక్కా, పెండ్లికా?" అంది. బిడ్డ పరీక్ష ఉందన్నాను. "పరీక్ష బిడ్డకా, నీకా?" అని బస్సంతా నవ్వించింది.

హనుమకొండలో దిగి షేర్ ఆటోలో తొమ్మిదికల్లా కాలేజీ చేరాను. లావణ్య మొహం వాడిపోయి ఉంది. రక్తం ఇస్తానన్న తోటి విద్యార్థికి జ్వరమట. ఈ పనికి అప్పుడే తీసిన రక్తం కావాలి. పెద్ద మైక్రోస్కోపు తనకు దొరికేది ఈరోజు మూడు నుంచి నాలుగింటి దాకానే. తప్పితే మళ్లీ నెల ఆగాలి.

"నాది తీస్కో" అన్నాను. ఒప్పుకుంటున్నానన్న కాగితం చదివి సంతకం పెట్టాను. సిస్టర్ సూది పట్టుకుని, "పొద్దున ఏం తిన్నరమ్మా?" అంది.

"ఏం తినలే. ఒక్కపొద్దు ఉన్న. ప్రతి శనివారం ఉంట, ఇయ్యాల మాత్రం బిడ్డ పని మంచిగ కావాలని."

ఆమె సూది పక్కన పెట్టేసింది. "ఖాళీ కడుపుతోని ఉంటే తియ్య. కండ్లు తిరిగి పడితే ఎవ్వలు జవాబు?"

లావణ్య నెత్తి కొట్టుకుంది. "నాకోసం ఉన్న ఒక్కపొద్దే నాకు అడ్డమొచ్చె గద పెద్దమ్మా!"

ఏళ్ల తరబడి శనివారం పొద్దుగూకేదాకా నా నోట్లో మెతుకు పడింది లేదు. కళ్లు మూసుకుని స్వామికి చెప్పుకున్నాను. తర్వాత క్యాంటీన్‌లో నాలుగు ఇడ్లీలు తిన్నాను. ఒకటి చాలదేమోనని భయం. చట్నీ కూడా వదల్లేదు!

పదిన్నరకు రక్తం తీశారు.

"ఎర్ర రక్తకణాన్ని ఉప్పు తక్కువున్న నీళ్లల్ల ఏస్తే ఉబ్బి, పొరకు సన్నటి రంధ్రాలు పడ్తయి. లోపలి ఎరుపు బయటికొస్తది, మందు లోపలికి పోతది. మళ్ల ఉప్పు సరిజేస్తే పొర మూస్కుంటది" అని లావణ్య చెప్పింది. క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే అణువును ఆ పొరకు అతికిస్తారట. పొర రక్తకణానిదే కాబట్టి ఒళ్లు దాన్ని తొందరగా తరిమేయదు. మందు దారిలో ఒలికిపోకుండా జబ్బున్న చోటికే చేరాలని వీళ్ల ఆశ. మనుషుల దాకా రావడానికి ఇంకా ఏళ్లు పడుతుందట.

మూడింటికి చీకటి గదిలో కూర్చున్నాం. ఈరోజు మందుకు బదులు వెలిగే రంగు నింపి, ల్యాబులో పెంచిన క్యాన్సర్ కణాల మీద వదిలారు. తెర నల్లగా ఉంది. లావణ్య మైక్రోస్కోపు మర తిప్పింది. ఒక పచ్చటి చుక్క, పది, ఆపైన లెక్కలేనన్ని, క్యాన్సర్ కణాల అంచులు పట్టుకుని మెరిశాయి.

"అంటుకున్నయ్ పెద్దమ్మా!" అని నన్ను వాటేసుకుంది. నా చేతులు వాటంతటవే జోడయ్యాయి.

ఐదింటి బస్సులో పక్కనున్న ముసలమ్మ నా మోచేతి దగ్గరి దూది చూసింది. "రక్తమిచ్చినవా బిడ్డా? ఎవ్వలికి?"

"ఇంకా తెల్వదమ్మా" అన్నాను. ఆ ఎవరో చల్లగా ఉండాలని ఇల్లు చేరేదాకా మొక్కుకుంటూనే ఉన్నాను.