అమ్మవారి పేరు మీద సెలవు

ఇల్లు కదలకుండా, మంచం దిగకుండా ఒక మనిషి ఎంతమంది కొంప ముంచగలడో తెలియాలంటే నా వారం రోజుల సెలవు సంగతి వినాలి. వింటూ నవ్వండి, ఫర్వాలేదు. మా ఆవిడ సరోజ మాత్రం ఇప్పటికీ నవ్వడం లేదు.

కొన్నేళ్ల కిందటి మాట. మల్కాజ్‌గిరిలో మా ఇల్లు. మౌలాలిలో మా బామ్మర్ది కొత్తగా ఇల్లు కట్టుకుని, ఆదివారం దావత్ పెట్టుకున్నాడు. బగారా అన్నం, మటన్ అని ముందే కబురు. అప్పట్లో నాకున్న తెలివికి ఓ మహత్తర ఆలోచన తట్టింది. సోమవారం నుంచి సెలవు పెట్టి వారమంతా కంటినిండా పడుకుని, ఆదివారం కడుపునిండా తిందామని. ఒక్కటే అడ్డంకి. మా మేనేజరుకు సెలవు అనే మాట చెవికెక్కదు. జ్వరమంటే మాత్ర వేసుకుని రమ్మంటాడు. నడుం నొప్పంటే మెత్తటి కుర్చీ వేయిస్తానంటాడు. ఆయన రమ్మనలేని రోగం కావాలి నాకు.

గొంతు బాగా నీరసం చేసుకుని ఫోన్ చేశాను.

"సార్, అమ్మవారు పోసింది సార్."

పట్నం పిల్లల కోసం చెబుతున్నా, అమ్మవారంటే చికెన్‌పాక్స్. ఫోన్లోంచే అంటుకుంటుందేమోనన్నట్టు అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది.

"అరే, ఆఫీసు దిక్కు రాకు! వారం దాకా మొకం చూపెట్టకు!"

గెలిచిన ఉత్సాహంతో వెనక్కి తిరిగాను. మా అమ్మ నిలబడి ఉంది, చేతిలో తడి బట్టల బకెట్.

"ఎవ్వరికి పోసింది రా అమ్మవారు?"

"ఎవ్వరికి లేదమ్మా. సెలవు కోసం గట్ల చెప్పిన."

అమ్మ బకెట్ కింద పెట్టింది. అది మంచి సూచన కాదు.

"తల్లి పేరు మీద అబద్ధమా? పిలిచినంక వస్తది కొడుకా. ఇగ వచ్చిందనుకొనే ఉండాలె."

"ఒంటి మీద ఒక్క పొక్కు సుత లేదు కదమ్మా!"

"రావద్దనే గదా చెప్తున్న!"

కాసేపట్లో గేటుకు వేపకొమ్మలు వేలాడాయి. నా మంచం మీద వేపాకులు పరిచారు. వంటింట్లో పోపు బంద్. మాంసం బంద్. గడ్డం గీక్కోవడం బంద్. గడప దాటడం బంద్. పూటపూటకూ పెరుగన్నం. వేపాకుల మీద పడుకుంటే నిద్ర రాలేదు కానీ వీపంతా దురద మాత్రం వచ్చింది.

"మీ అబద్ధానికి నా చారుకు పోపు లేకుంట చేసిన్రు గద!" అని సరోజ రోజూ అంటూనే ఉంది. అనదా మరి.

నేను ఫోన్ చేసిన మర్నాడే రమేశ్ మా గేటు ముందు ఆగాడు. వాడు ఆఫీసులో నా పక్క సీటు, ఇల్లు మా వెనక గల్లీ, పైగా మా బామ్మర్దితో క్రికెట్ ఆడే దోస్తు. వేపకొమ్మలను చూసి, దూరం నుంచే ఫోన్ తీసి ఒక ఫోటో కొట్టాడు.

"అన్నా, నిజంగనే పోసిందా?"

కిటికీలోంచి ఏం చెప్పను? "పోసింది తమ్మీ."

"మంచిగైందన్నా!" అని గెంతుకుంటూ పోయాడు.

ఆ సంతోషమేమిటో మధ్యాహ్నానికి అర్థమైంది. రమేశ్ పంపిన ఆ ఫోటో చూసి మేనేజరు హడలిపోయి, నా చుట్టుపక్కల కూర్చునే వాళ్లందరినీ వారం పాటు ఇంట్లో ఉండమన్నాడట. వాళ్లు ఇంట్లో ఎందుకుంటారు? ఏదో చెరువు గట్టున కోళ్లు కాల్చుకుంటూ గ్రూపులో ఫోటోలు పెట్టారు. కింద రమేశ్ మాట, "అంత మీ దయ అన్నా." నేను పెరుగన్నం కలుపుకుంటూ ఆ ఫోటోల్లో కోడి కాళ్లను పెద్దవి చేసి చూసుకున్నాను.

ఆదివారం వచ్చింది. అమ్మ కాళ్లావేళ్లా పడ్డాను.

"ఒక్క పూట పోయొస్తనమ్మా."

"తల్లి ఇంట్లున్నంక దావతుకు పోతరా ఎవరన్న?"

"తల్లి లేదు కదమ్మా!"

"లేదంటవా? మళ్ల అను."

మళ్లీ అనే ధైర్యం నాకు లేదు. సరోజ మాత్రం పట్టుచీర కట్టుకుంది. "అబద్ధం నేను చెప్పలే. నా తమ్ముని కొత్తిల్లు. నేను, పిల్లలు పోతం."

"నా గురించి అడిగితే?"

"ఆఫీసుల సెలవియ్యలే అని చెప్త."

"జెర డబ్బాల మటన్..."

"అత్తమ్మ గేటు దాటనియ్యది," అని ఆటో ఎక్కేసింది.

ఇక దావత్‌లో జరిగింది మా బామ్మర్ది ఫోన్లో తిట్టుకుంటూ చెప్పాడు. పంక్తిలో వాళ్ల పెద్దమ్మ సరోజను అడిగిందట, "అల్లుడు రాలేదేందే?"

"సెలవు దొర్కలే పెద్దమ్మా."

అదే పంక్తి చివర మూలుగ బొక్క పీలుస్తున్న రమేశ్ తలెత్తాడు. వాణ్ని మా బామ్మర్దే పిలిచాడు మరి. "సెలవా? అన్నకు అమ్మవారు పోసింది గద వదినా! ఆయన పుణ్యాననే మాకు సుత సెలవు!"

పంక్తి పంక్తంతా లేచింది. అమ్మవారున్న ఇంటి నుంచి దావతుకు రావడమా! పెద్దమ్మ తన మనవలను చంకనెత్తుకుని వీధిలోకి నడిచింది. "పోయలే, సెలవు కోసం అబద్ధమాడిండు!" అని సరోజ నెత్తీనోరూ కొట్టుకుంది. ఎవరు నమ్ముతారు? రమేశ్ ఫోన్ తీసి మా గేటు ఫోటో చూపించాడు. మా అత్తగారు వెంటనే కొత్త ఇంటికి కూడా వేపకొమ్మలు కట్టించి, పోపు బంద్ చేసింది. మిగిలిన మటనంతా రమేశ్ ఇంటికి పోయింది.

సాయంత్రం సరోజ వచ్చింది. చూడగానే నోరు జారి, "తిన్నవా?" అన్నాను. ఆమె పట్టుచీరతోనే వంటింట్లోకి వెళ్లి, పెరుగన్నం కంచంలో పెట్టుకుని నా పక్కన వేపాకుల మీద కూర్చుని తింది. నాకు నిజంగా సిగ్గేసింది. తమ్ముడి కొత్తింట్లో ఆమె ఒక్క ముద్ద తినకుండా చేశాను.

"సరోజా, ఇగ జన్మల అబద్ధమాడి సెలవు పెట్ట. నిద్ర చాల్తలేదు సార్ అని ఉన్నదున్నట్టు చెప్త. అమ్మవారి మీద ఒట్..."

గుమ్మంలో అమ్మ బకెట్ కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఎవరి మీద?"

"నా మీదనే అమ్మా," అన్నాను. ఆ ఒట్టు మీదే ఇప్పటికీ ఉన్నాను.