బానలో చప్పుడు

మాది నకిరేకల్ పక్క పల్లె. చెరువులో చేపలు పట్టి బతికేవాళ్లం. నైజాం పాలన చివరి ఏళ్లలో, నాకు పెళ్లయిన కొత్తలో, ఒక ఎండాకాలం చెరువు అడుగంటిపోయింది. పక్కింట్లోనే మా అన్నవాళ్లున్నారన్న ధైర్యంతో నా భార్యను ఇంటి దగ్గర ఉంచి, బందరు వైపు సముద్రానికి పోయాను. చేపలు పట్టడం వచ్చినవాడికి ఏ నీళ్లయితేనేం అనుకున్నాను.

అక్కడ నడుంలోతు నీళ్లలో నిలబడి ఒడ్డుకు వల లాగాలి. మా చెరువు పొద్దున్నే చల్లగా ఉండేది. ఆ సముద్రం తెల్లారేసరికే, ఎవరో స్నానానికి కాచిపెట్టినట్టు, గోరువెచ్చగా ఉండేది. తాడు ఒరుసుకుపోయిన అరచేతులకు ఉప్పు తగిలితే ప్రాణం పోయేది. అంతకన్నా నా యాసకు తోటి వలవాళ్లు నవ్వితే ఒళ్లు మండేది. "గట్ల కాదు" అన్నానంటే చాలు, ఆ రోజంతా "గట్ల, గట్ల" అని ఒకటే పాట. దాంతో మాట్లాడటం మానేశాను. మానేశాక నన్ను పలకరించే దిక్కు కూడా లేకుండా పోయింది.

సాయంత్రాలు పాకలో ఒక్కణ్ణే. మా వైపు చచ్చిన చేపను ఎవరూ కొనరు. కొరమీనును నీళ్ల బానలో వేసి వాకిట్లో ఉంచుతాం. అమ్ముడయ్యేదాకా అది టపటపా కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ చప్పుడు లేని చోటు నాకు ఇల్లులా తోచేది కాదు. ఒకనాడు వలలోంచి బతికున్న కొయ్యంగ చేపను తీసి, కుండలో సముద్రపు నీళ్లే పోసి, పాకలో పెట్టుకున్నాను. అన్నం ఉడికేలోగా అది వెల్లకిలా తేలింది. మర్నాడు ఇంకొకటి తెచ్చాను. అదీ అంతే.

వల యజమాని, ముసలాయన, అది చూసి, "ఏవయ్యా నైజామా, చేపని కూరకి తెచ్చుకుంటారు గానీ కాపరానికి తెచ్చుకుంటారా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను, ఏడుపొచ్చింది. ఆయన నవ్వాపి, "వానల దాకా ఉండు, పడవెక్కిస్తాను" అన్నాడు. పడవెక్కితే మంచి వాటా వస్తుంది. అయినా ఉండలేనన్నాను. చెరువు నిండిందన్న కబురు రాకుండానే ఇంటిదారి పట్టాను.

వచ్చేసరికి చెరువు నెర్రెలు బారే ఉంది. తాగే నీళ్లకే ఆడవాళ్లు ఎంతో దూరం పోతున్నారు. మా వాకిట్లో బాన మాత్రం నిండుగా ఉంది.

"చేపలే లేవు, బానల నీళ్లెందుకే?" అని నా భార్యనడిగాను.

ఆమె నా వైపు చూడలేదు.

"ఉట్టి బానను జూస్తే పానం ఊకుంటలేదు. పొద్దుగూకినంక చెయ్యివెట్టి జర నీళ్లు కొడుతున్న. గా చప్పుడుకే నిద్రవడతాంది" అన్నది.

నేను భుజం మీది మూట దించకుండానే బాన పక్కన కూర్చున్నాను.