మోడు చెట్టులో గోరింకలు

మా తోటలో కొబ్బరికాయల దింపు తీసే మేస్త్రి పోయారని మొన్న పాలావిడ చెప్పింది. ముప్ఫై ఏళ్ళు చెట్లెక్కి దిగిన మనిషి, నేలకి మూరెడెత్తు మంచం మీద, నిద్రలో పోయారు. ఇన్నాళ్ళూ చెట్లని చూసి భయపడ్డాం గానీ మంచాన్ని ఎవరు అనుమానించారు!

ఆయనకి కాదనడం రాదు. మాఘం వచ్చేసరికి ఊళ్ళో సగంమంది చిలక పిల్ల కావాలని ఆయన వెంటపడేవారు. అందరికీ ఒకటే జవాబు: "ఆయ్, అలాగేనండి." పదిరోజులాగి అడిగితే, "ఇంకా కళ్ళు తెరవలేదండి." మరో నెలాగితే, "అయ్యో, నిన్ననే ఎగిరిపోయేయండి." ఆ రెండింటికీ మధ్య రోజు ఆయన పంచాంగంలో లేదు.

తొంభైల్లో వచ్చిన తుఫానుకి తలలు తెగిన కొబ్బరిచెట్లు మోళ్ళుగా నిలబడితే, చిలకలు వాటి తొర్రల్లో కాపురాలు పెట్టాయి. కొన్నాళ్ళకి ఆ మోళ్ళు కూడా దూలాలకీ పొయ్యిల్లోకీ పోయాయి. చిలక్కి తొర్ర దొరకడం కంటే అమలాపురంలో అద్దె ఇల్లు దొరకడం నయమనిపించింది. మా తోటలో ఒక్క మోడు మిగిలింది. పక్క చెట్ల మొవ్వుల్ని తొలిచేసే కొమ్ము పురుగులు చేరతాయి, కొట్టెయ్యమని మేస్త్రితో అన్నాను.

"ఆయ్, వచ్చే దింపుకి కొట్టేద్దామండి" అన్నారు. దింపులు వచ్చాయి, వెళ్ళాయి. మోడు కదల్లేదు. చుట్టుపక్కల చెట్ల మొవ్వుల్లోంచి మాత్రం ఇనప ఊచతో పురుగుల్ని లాగి తెచ్చి, నా ముందు కుప్పపోసి చూపించేవారు.

ఒక ఏడు రాజోలు నుంచి మా వియ్యపురాలు కొత్త పంజరంతో సహా దిగింది. చిలకనిస్తానని మాటిచ్చింది నేనే. చిలకని పంజరంలో పెట్టడం నేరమని పేపర్లో చదివి, ఆ పేపర్నే అలమరలో పరిచినదాన్ని కూడా నేనే. ఇద్దరం మోడు కింద నించున్నాం. మేస్త్రికి తప్పలేదు. ఎక్కారు. తొర్రలో చెయ్యిపెట్టి చాలాసేపు ఉంచారు. ఉత్త చేత్తో దిగారు.

"పిల్లలేవయ్యా?" అంది వియ్యపురాలు.

"చిలకలు కావండి. గోరింకలండి."

పైన చిలక పిల్లలు గొంతులు చించుకుంటున్నాయి.

"నాకింకా చెవుడు రాలేదయ్యా మేస్త్రీ!" అందావిడ.

ఆయన నావైపు చూశారు. చూపుడువేలి నుంచి నెత్తురు కారుతోంది. బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, అబద్ధాన్ని ఆమడ దూరం నుంచే పోల్చుకోగలను.

"మేస్త్రి చెప్పేరంటే గోరింకలే వదినగారూ. పదండి, కాఫీ చల్లారిపోతోంది" అన్నాను.

ఆ పంజరం నిండా వంకాయలు పెట్టి పంపించాను. ఏడాదిపాటు ఆవిడ నాతో మాట్లాడలేదు. ఎంతో ప్రశాంతంగా గడిచింది.

ఆ రోజు ఆవిడ వెళ్ళాక, వేలికి పసుపు అద్దుకుంటూ మేస్త్రి అన్నారు: "తల్లి కదల్లేదండి. కొరికి, అలాగే పట్టుక్కూచుంది. ఎలా తియ్యమంటారండి?" వేలికి గుడ్డపీలిక చుట్టుకుంటూ, "అయినా, మాటలు నేర్చుకోడానికి మనుషులు చాలరాండి?" అన్నారు. మళ్ళీ నేను ఆ మోడు కొట్టెయ్యమనలేదు.

నిన్న మేస్త్రి వాళ్ళింటికి వెళ్ళి పలకరించి, తోట మీదుగా వచ్చాను. కొత్తగా దింపుకొచ్చినతను ఆ మోడు తీసేస్తానన్నాడు. వద్దన్నాను. అతను వెళ్ళాక తలెత్తి చూస్తే, ఆడచిలక తొర్ర అంచు పట్టుకుని, తోక మానుకి ఆనించి, ఒక కంటితో నన్నే చూస్తోంది. లోపలికి పోదు. నేనూ కాసేపు మొండికేశాను. చివరికి నేనే రెండడుగులు పక్కకి తప్పుకున్నాను. ఆకుపచ్చ తోక మెల్లిగా తొర్రలోకి జారింది. మరుక్షణం మోడంతా పిల్లల కేకలు.